మిస్టర్ బీన్ ఏ టైపు మనిషి? ఒక నత్తి కేసు, పది వారాలు

"మేడం, మిస్టర్ బీన్ గూడ నా టైపే" అని ఆ అబ్బాయి ఫోన్ తీసి నా ముందు పెట్టాడు. గదిలోకి వచ్చి అప్పటికే పావుగంట అయింది. ఆ పావుగంటలో తనంతట తాను చెప్పిన మొదటి పూర్తి మాట అదే, అది కూడా ఇక్కడ రాసినంత తేలిగ్గా రాలేదు. "మిస్టర్" దగ్గర పెదాలు మూసుకుపోయి నాలుగైదు సెకన్లు తెరుచుకోలేదు, మెడ నరాలు బిగుసుకున్నాయి, చూపు నా మీద నుంచి కిటికీ వైపు వెళ్లిపోయింది, తర్వాత మాట ఒక్కసారిగా బయటకు దూకింది. ఫోన్‌లో మూడు స్క్రీన్‌షాట్లు ఉన్నాయి. మూడింటిలోనూ మిస్టర్ బీన్‌గా నటించిన రోవన్ అట్కిన్సన్ ఫొటో, కింద నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు (ఎంబీటీఐ అనే ప్రశ్నావళి మనిషి స్వభావానికి పెట్టే టైపు పేరు, మొదటి అక్షరం ఐ అంటే ఇంట్రోవర్ట్, తనలో తాను ఉండే మనిషి), ఆ అక్షరాల వాళ్లు ఎలా ఉంటారో చెప్పే ఒక పేరా. రెండింటిలో ఐ-ఎన్-టి-పి అని ఉంది, మూడోదాంట్లో ఐ-ఎస్-ఎఫ్-పి అని ఉంది. ఒకే మనిషికి రెండు రకాలు ఎలా వచ్చాయని అడిగితే, "రెండూ ఐ తోనే మొదలైతయి గద మేడం, నాది గూడ ఐ యే" అన్నాడు.

నేను హన్మకొండలో కౌన్సెలింగ్ సైకాలజిస్టుగా పనిచేస్తున్నాను. ఈ కేసు రాయడానికి ఆ అబ్బాయి ఒప్పుకున్నాడు, రాసింది చదివి రెండు చోట్ల తీసేయమన్నాడు, తీసేశాను. గుర్తుపట్టే వీలున్న వివరాలు కొన్ని మార్చాను. దీన్ని రాయాలనిపించడానికి కారణం, గత కొన్నేళ్లుగా నా దగ్గరికి వచ్చే డిగ్రీ, ఇంజనీరింగ్ పిల్లల్లో చాలామంది పేరు కన్నా ముందు టైపు చెబుతున్నారు. ఫలానా హీరో నా టైపు, ఫలానా కమెడియన్ నా టైపు అంటున్నారు. దాన్ని కొట్టిపారేస్తే ఏమవుతుందో, ఓపికగా పట్టుకుని వెళ్తే ఎక్కడికి చేరుతుందో ఈ ఒక్క కేసులోనే నాకు రెండూ ఎదురయ్యాయి.

అబ్బాయి ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం. కాలేజీలో ప్లేస్‌మెంట్ ట్రైనింగ్ మొదలైంది, అందులో జామ్ అని ఒకటి ఉంటుంది, అప్పటికప్పుడు ఒక టాపిక్ ఇస్తారు, ఒక్క నిమిషం ఆగకుండా మాట్లాడాలి. రెండుసార్లు తన నంబర్ వచ్చేలోపు బాత్రూమ్‌కని లేచి వెళ్లి, క్లాసు అయ్యేదాకా తిరిగి రాలేదు. ప్లేస్‌మెంట్లకు కూర్చోవద్దని అప్పటికే నిర్ణయం తీసేసుకున్నాడు, ఇంట్లో చెప్పలేదు. రూమ్మేట్ బలవంతం మీద నా దగ్గరికి వచ్చాడు. తన సమస్యను తన మాటల్లో చెప్పమంటే, "సమస్య ఏం లేదు మేడం, నేను ఇంట్రోవర్ట్‌ని, మాట్లాడే ఉద్యోగాలు నాకు పడవు" అన్నాడు. నత్తి గురించి ఒక్క ముక్క చెప్పలేదు.

వివరాలు ఒక్కొక్కటిగా అడిగి తెలుసుకోవాల్సి వచ్చింది. నాలుగైదేళ్ల వయసు నుంచే నత్తి. మేనమామకూ ఉంది. చిన్నప్పుడు వస కొమ్ము అరగదీసి నాకించారు, ఎవరో చెప్పారని పలకపుల్ల నాలుక కింద పెట్టించారు. బడిలో "నత్తోడు" అనేవాళ్లు, ఇంట్లో కూడా చుట్టాలు వస్తే మధ్యలో మాట అందుకుని తనకు బదులు వాళ్లే చెప్పేసేవాళ్లు. వాళ్ల బాపు మిర్చి బస్తాలు వేసుకుని ఎనుమాముల మార్కెట్‌కు వచ్చినప్పుడు చదువుకున్న కొడుకని పక్కన నిలబెట్టుకునేవాడు, అడ్తిదారుతో నువ్వు మాట్లాడు బిడ్డా అంటే వీడు నీళ్ల సీసా తెస్తానని పక్కకు పోయేవాడు. నిద్ర, తిండి బాగానే ఉన్నాయి, చనిపోవాలనే ఆలోచనలు లేవు (ఇది ఎవరినైనా తప్పకుండా అడుగుతాను), చదువులో మార్కులు మంచివే.

రెండు చిన్న సంగతులు మాత్రం నన్ను పట్టుకున్నాయి. ఇతనిది పరకాల. శనివారం హన్మకొండ బస్టాండ్‌లో భూపాలపల్లి బస్సు ఎక్కి కండక్టర్‌కు "రేగొండ" అని చెప్పి టికెట్ తీసుకుంటాడు, పరకాలలో దిగిపోతాడు. రేగొండ పరకాల దాటాక వస్తుంది, టికెట్ ఎక్కువ. మూడేళ్లుగా అంతే. ఎందుకంటే "ప" దగ్గర పెదాలు మూసుకుపోతాయి, "రే" దగ్గర ఆ ఇబ్బంది లేదు. అట్లాగే టిఫిన్ సెంటర్‌లో పూరి ఇష్టం, ఇడ్లీ తింటాడు. ఈ రెండూ నవ్వుతూనే చెప్పాడు, చెప్పి వెంటనే "ఇంట్రోవర్ట్స్ గట్లనే ఉంటరు గద" అన్నాడు.

ఇక్కడే నేను తప్పు చేశాను. ఆ నాలుగు అక్షరాల సంగతి తేల్చేద్దామని, మొదటి రోజే ఉన్నదంతా చెప్పేశాను. 1921లో స్విట్జర్లాండ్ మనస్తత్వవేత్త యూంగ్ మనుషుల రకాల గురించి రాశాడని, దాని మీద కాథరిన్ బ్రిగ్స్, ఆమె కూతురు ఇసబెల్ మైయర్స్ ఈ అక్షరాల ప్రశ్నావళి తయారుచేశారని, వాళ్లిద్దరూ మనస్తత్వశాస్త్రం చదువుకున్నవాళ్లు కాదని, కొన్ని వారాల తర్వాత మళ్లీ రాస్తే చాలామందికి కనీసం ఒక అక్షరం మారిపోతుందని. అన్నీ నిజాలే. అబ్బాయి తల ఊపుతూ విన్నాడు, ఫోన్ జేబులో పెట్టుకున్నాడు, మిగిలిన ఇరవై నిమిషాలు "ఆ", "లేదు" తప్ప ఏమీ మాట్లాడలేదు. తర్వాతి వారం రాలేదు. ఆ వారమంతా ఆలోచిస్తే నాకు అర్థమైంది, ఆ నాలుగు అక్షరాలు వాడికి "నత్తోడు" అన్న పేరుకు బదులుగా దొరికిన మొదటి గౌరవమైన పేరు. దాన్ని నేను చేతిలోంచి లాగేశాను, బదులు ఏమీ ఇవ్వలేదు.

రూమ్మేట్ ద్వారా కబురు పెట్టాను: మిస్టర్ బీన్ టైపు సంగతి ఇంకా తేలలేదు, మనం ఇద్దరం కూర్చుని పద్ధతిగా తేలుద్దాం రమ్మన్నాను. వచ్చాడు.

ఒక చార్ట్ తీసుకుని నిలువుగా మూడు గడులు గీశాం. మొదటి గడిలో పాత్ర చేసినవి, రెండో గడిలో పని చేసే తీరు, మూడో గడిలో మనిషి స్వయంగా తన గురించి చెప్పుకున్నవి. ప్రతి సంగతీ ఏదో ఒక గడిలోకే వెళ్లాలి, రెండింటిలో రాయడానికి వీల్లేదు. ఇక రెండో షరతు, బతికున్న మనిషి గురించి దూరం నుంచి అంచనా వేస్తున్నాం కాబట్టి జబ్బుల పేర్లు వాడకూడదు. ఈ షరతు ఎందుకో కూడా చెప్పాను. 1964లో అమెరికా అధ్యక్ష పదవికి పోటీ చేసిన గోల్డ్‌వాటర్ మానసిక స్థితి గురించి ఒక పత్రిక సైకియాట్రిస్టులకు ప్రశ్నలు పంపితే, ఆయనతో ఒక్కసారి మాట్లాడకుండానే 1,189 మంది పనికిరాడని తేల్చేశారు. 1973లో వాళ్ల సంఘం అట్లా చెప్పడం వృత్తి ధర్మానికి విరుద్ధమని నియమం పెట్టుకుంది. ఆ నియమం సైకియాట్రిస్టుల కోసం పెట్టింది, కానీ నేను నా గదిలో కూడా పాటిస్తాను.

మొదటి గడి గంటలో నిండిపోయింది. మిస్టర్ బీన్ 1990 జనవరి 1న మొదలైంది, ఐదారేళ్లలో మొత్తం 15 భాగాలు, అంతే. ఆ కాస్తే మన ఊళ్ల దాకా రావడానికి కారణం అందులో మాటలు దాదాపు లేకపోవడం, డబ్బింగ్ అక్కర్లేకుండా పిల్లలు అర్థం చేసుకుంటారు. ఈ అబ్బాయి కూడా మూడో తరగతిలో టీవీలో కార్టూన్ బీన్‌తో మొదలుపెట్టి అసలు బీన్ దాకా వచ్చాడు. మొదటి భాగంలోని పరీక్ష సీన్ ఇద్దరం చూశాం. బీన్ త్రికోణమితి చదువుకుని వస్తాడు, పేపర్లో కాలిక్యులస్ చూస్తాడు, పక్కవాడి పేపర్లోకి తొంగిచూడటానికి ఒళ్లంతా తిప్పుతాడు, చివరికి దొరకక ఏడుపు మొహం పెడతాడు. చూశాక అడిగాను: బీన్ ఇంట్రోవర్టా? "అవును, మాట్లాడడు గద" అన్నాడు. సరే, సిగ్గుందా? ఆలోచించాడు. లేదు. కొత్త మనుషుల దగ్గరికి పోవడానికి జంకుతాడా? అస్సలు జంకడు. పక్కవాడు ఏమనుకుంటాడో పట్టించుకుంటాడా? "పట్టించుకోడు మేడం, చిన్నపిల్లగాని లెక్క ఉంటడు." అట్కిన్సన్ కూడా బీన్‌ను పెద్దవాడి ఒంట్లో ఉన్న పిల్లవాడనే వివరించాడు. అంటే మాట లేనివాడు ఇంట్రోవర్ట్ అనే లెక్క ఇక్కడ కుదరలేదు. అబ్బాయి పెన్ను పట్టుకుని చాలాసేపు చార్ట్ వైపు చూశాడు.

పైగా అదే గడిలో బ్లాకాడర్ కూడా పెట్టాలి కదా. 1983 నుంచి 1989 వరకు వచ్చిన ఆ బ్రిటిష్ టీవీ హాస్య సిరీస్‌లో, రెండో విడత నుంచి, ఇదే నటుడు నోరు మూయడు, ఎదుటివాణ్ని మాటలతోనే చీల్చేస్తాడు, తెలివి, పొగరు, లెక్క. ఒకే మనిషి, కొన్ని నెలల తేడాతో, ఒకచోట మాటే ఆయుధం, ఒకచోట మాటే లేదు. పాత్రను చూసి మనిషిని పట్టుకుంటే ఇద్దరు వేర్వేరు మనుషులు చేతికి వస్తారు. వరంగల్ వాళ్లకు ఇది ఎక్కువ వివరించాల్సిన పని లేదు. మిమిక్రీ కళాకారుడు నేరెళ్ల వేణుమాధవ్ గారు 1932లో ఇక్కడే పుట్టారు, 2018లో పోయేదాకా ఈ ఊరి మనిషిగానే ఉన్నారు, హన్మకొండలో ఆయన పేరుతో కళా ప్రాంగణమే ఉంది. ఆయన గొంతులో ఎంతమంది సినిమా నటులు, ఎంతమంది నాయకులు పలికారో లెక్క లేదు, ఆ గొంతులను బట్టి ఆయన టైపు రాయమంటే ఎవరం ఏం రాస్తాం? ఆయన పేరెత్తగానే అబ్బాయి మొహం వెలిగింది. అప్పుడే తెలిసింది, హాస్టల్లో ఇతను మిమిక్రీ చేస్తాడు. ఆ సంగతి మళ్లీ చెబుతాను.

చూసినదాన్ని మనిషికి అంటగట్టే ఈ అలవాటు ఎంత మొండిదో చెప్పడానికి నేను తరచూ ఒక ప్రయోగం గురించి చెబుతాను. 1967లో జోన్స్, హారిస్ అనే ఇద్దరు, క్యూబా నాయకుడు కాస్ట్రోను మెచ్చుకుంటూ ఒకటి, తిడుతూ ఒకటి రాసిన వ్యాసాలను చదివించారు. ఏ వైపు రాయాలో రాసినవాడు ఎంచుకోలేదు, పై నుంచి చెప్పి రాయించారు అని ముందే చెప్పారు. అయినా చదివినవాళ్లు మెచ్చుకుంటూ రాసినవాడికి నిజంగానే కాస్ట్రో అంటే ఇష్టం ఉండి ఉంటుందనుకున్నారు. స్క్రిప్ట్ అని తెలిసి కూడా అంతే. టీవీలో విలన్ వేసేవాణ్ని బజార్లో తిట్టే అవ్వలకూ మనకూ తేడా అంత పెద్దదేం కాదు.

రెండో గడి ఆసక్తిగా నడిచింది, ఎందుకంటే ఇక్కడ అబ్బాయికి తన చదువు ఎదురైంది. అట్కిన్సన్ న్యూకాజిల్ విశ్వవిద్యాలయంలో ఎలక్ట్రికల్ అండ్ ఎలక్ట్రానిక్ ఇంజనీరింగ్ చదివాడు, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో ఎమ్మెస్సీ, కంట్రోల్ సిస్టమ్స్. "మేడం, నాకు ఈ సెమిస్టర్ల అదే సబ్జెక్టు ఉంది" అని కుర్చీలో ముందుకు జరిగాడు. నాటకాల్లో పడ్డాక కూడా ఆ బుర్ర పోలేదు, కార్ల గురించి పత్రికలకు రాశాడు, 2023లో ఎలక్ట్రిక్ కార్ల గురించి రాసిన వ్యాసంలో తన ఇంజనీరింగ్ చదువు సంగతి తానే ఎత్తాడు. ఇక పని విషయంలో 2021 మొదట్లో ఆయన చెప్పిన మాట: బీన్‌ను ఆడటం తనకంత సంతోషం ఇవ్వదని, ఆ బాధ్యత బరువు బాగుండదని, ఒత్తిడిగా, అలసటగా ఉంటుందని, ఎప్పుడు ముగుస్తుందా అని చూస్తానని. ప్రపంచమంతా నవ్విన పాత్ర అది. చూసేవాడికి అల్లరి, చేసేవాడికి కూలి పని. ప్రతి కదలికా లెక్కప్రకారం పడాలనే మనిషి అయితే తప్ప అంత బరువు అనిపించదని మేం అనుకున్నాం, చార్ట్‌లో "పద్ధతి, పట్టుదల: ఎక్కువ" అని రాసి పక్కన మా నమ్మకం పదికి ఏడు అని వేశాం.

కమెడియన్లందరూ అంతే ఉంటారా అని అడిగాడు. లేదు. 2009లో గ్రీన్‌గ్రాస్, మిల్లర్ అనే పరిశోధకులు 31 మంది వృత్తి కమెడియన్లతో మనిషి స్వభావాన్ని ఐదు గుణాలుగా కొలిచే ప్రశ్నావళి రాయించి కాలేజీ విద్యార్థులతో పోలిస్తే, కమెడియన్లకు కొత్త ఊహల పట్ల ఇష్టం ఎక్కువ వచ్చింది, పద్ధతి తక్కువ వచ్చింది, సర్దుకుపోయే గుణం తక్కువ వచ్చింది, నలుగురిలో కలిసే గుణం కూడా తక్కువే వచ్చింది. ఈ చివరిది విని అబ్బాయి రెండోసారి చదివించుకున్నాడు. స్టేజీ మీద గంటసేపు జనాన్ని నవ్వించేవాళ్లకే విద్యార్థుల కన్నా తక్కువ వచ్చిందంటే, ఇంట్రోవర్ట్‌కు మాట్లాడే పని పడదు అన్న మాట ఎక్కడి నుంచి వచ్చింది? 31 మంది చిన్న సంఖ్యే, అందులో అట్కిన్సన్ లాంటివాళ్లు ఎటు పడతారో దాన్నిబట్టి చెప్పలేం. కానీ ఆ ఒక్క నమ్మకాన్ని కదిలించడానికి సరిపోయింది.

మూడో గడి కోసం ఇంటికి వెళ్లి వెతుక్కురమ్మన్నాను. తర్వాతి వారం ఒక కాగితం తెచ్చాడు, చేతిలో నలిగిపోయి ఉంది. చదవమంటే చదవలేదు, నా చేతికిచ్చాడు. అట్కిన్సన్‌కు నత్తి ఉంది. ముఖ్యంగా "బ" తో ఇబ్బంది, బ్లాకాడర్‌లో "బాబ్" అనే పేరును అంత సాగదీసి, పేల్చినట్టు పలకడం దాన్ని దాటడానికి చేసిన పనే, అదే జనానికి నచ్చింది. 2007లో టైమ్ పత్రికతో మాట్లాడుతూ నత్తి వస్తూ పోతూ ఉంటుందని, వేరే మనిషిగా నటిస్తున్నప్పుడు మాయమవుతుందని, తను ఈ వృత్తిలోకి రావడానికి అది కొంత కారణమై ఉండవచ్చని చెప్పాడు.

అబ్బాయి చాలాసేపటి తర్వాత, "ఇది ఆ స్క్రీన్‌షాట్లల్ల లేదు మేడం" అన్నాడు. లేదు. ఇంటర్వ్యూల్లో ఆయన తక్కువ మాట్లాడటం, తడుముకుంటూ ఆగి ఆగి మాట్లాడటం చూసి ఐ అని రాసేశారు. అది స్వభావమా, నత్తి వల్లా, రెండూనా, బయటి నుంచి చెప్పడం ఎవరి వల్లా కాదు. పైగా అదే గడిలో ఇంకోటి కూడా ఉంది: అవమానించే మాటలను కూడా నేరంగా చూసే బ్రిటన్ చట్టంలోంచి "అవమానకరమైన" అన్న పదాన్ని తీసేయాలని 2012లో ఇదే మనిషి నలుగురి ముందు నిలబడి ప్రసంగం చేశాడు. తనకు ముఖ్యమనిపించినప్పుడు మాట్లాడతాడు. దీన్ని బ్రయన్ లిటిల్ అనే కెనడా మనస్తత్వవేత్త బాగా వివరించాడు, మనం ప్రేమించే పని కోసం మన స్వభావానికి ఎదురెళ్లి కూడా నడుచుకోగలం, కాకపోతే తర్వాత కాసేపు ఏకాంతం కావాలి. ఆయన స్వయంగా ఇంట్రోవర్ట్, ఉత్సాహంగా ఉపన్యాసాలిచ్చి వచ్చి బాత్రూమ్‌లో దాక్కునేవాడు. బాత్రూమ్ అనగానే అబ్బాయి తల ఎత్తి చూశాడు. ఇతను మాట్లాడకముందే దాక్కున్నాడు, ఆయన మాట్లాడాక దాక్కున్నాడు.

ఆ రోజే నత్తి గురించి మొదటిసారి సూటిగా మాట్లాడుకున్నాం. తక్కువ మాట్లాడేవాళ్లందరినీ మనం ఒకే సంచిలో వేస్తాం. కానీ మాట్లాడాలని అనిపించకపోవడం వేరు, అనిపించినా జనం ఏమనుకుంటారోనని భయపడటం వేరు, అనిపించి, భయం లేకపోయినా పెదాల దగ్గర మాట ఆగిపోవడం వేరు. మొదటిది స్వభావం, రెండోది బెరుకు, మూడోది నత్తి. నత్తి స్వభావం వల్లో, పెంపకం వల్లో, భయం వల్లో పుట్టేది కాదు, మెదడు మాటను నడిపించే తీరులో ఉన్న తేడా, కుటుంబాల్లో వస్తుంది. చిన్నపిల్లల్లో నూటికి ఐదుగురికి ఏదో ఒక దశలో వచ్చి చాలామందికి పోతుంది, పెద్దయ్యాక దాదాపు నూటికి ఒకరికి మిగులుతుంది, మగవాళ్లలో ఎక్కువ. మూడూ ఒకే మనిషిలో ఉండవచ్చు, కానీ ఏది ఎంతో విడదీయకపోతే చేసే పని తప్పుతుంది. ఇతని విషయంలో రేగొండ టికెట్ ఏ గడిలోకి వెళ్తుంది అని అడిగాను. ఇంట్రోవర్ట్ అయితే పరకాల అన్నా రేగొండ అన్నా ఒకటే మాట కదా? "ఇంట్రోవర్ట్ అయితే ఇడ్లీ ఎందుకు తింట" అని తనే అన్నాడు.

ఇక మిమిక్రీ. చేసి చూపించమంటే మొదట ఒప్పుకోలేదు. తర్వాత లేచి తలుపు దగ్గర నిలబడి, ఎడమ చేయి పైకెత్తి కడ్డీ పట్టుకున్నట్టు పెట్టి, ముక్కుతో హన్మకొండ బస్టాండ్ కండక్టర్ గొంతు ఎత్తుకున్నాడు: "పర్కాల్ పర్కాల్ పర్కాల్, భూపాలపల్లి, కాటారం, ఎక్కాలె ఎక్కాలె, పర్కాల్ పర్కాల్!" ఒక్క చోట ఆగలేదు. ఐదుసార్లు "పర్కాల్" వచ్చింది, ఐదూ నీళ్లలా పోయాయి. నాకు ఒళ్లు జలదరించింది. చేయి దించాడు, కుర్చీలో కూర్చున్నాడు, ఇప్పుడు నీ గొంతుతో ఒక్కసారి అనమన్నాను. పెదాలు మూసుకున్నాయి. ఆరు సెకన్లు. "ప్...పరకాల."

నత్తి ఉన్న చాలామందిలో ఇది కనిపిస్తుంది, పాడేటప్పుడు, నలుగురితో కలిసి ఒకేసారి చదివేటప్పుడు, వేరే గొంతు, వేరే యాస పట్టుకున్నప్పుడు మాట సాఫీగా వస్తుంది. అట్కిన్సన్ చెప్పిందీ అదే. చూసిన ఉత్సాహంలో నేను రెండో తప్పు చేయబోయాను. జామ్‌లో ఏదో ఒక పాత్ర పట్టుకుని మాట్లాడితే గట్టెక్కుతాడు కదా అనుకుని, అదే మాట స్పీచ్ థెరపిస్ట్‌కు చెప్పాను (నత్తికి చికిత్స నా పని కాదు, అప్పటికే అటు పంపాను). ఆవిడ గట్టిగా వద్దన్నారు. గొంతు మార్చి గడిపేస్తే రేగొండ టికెట్ లాగే అది ఇంకో దొంగదారి అవుతుంది, పైగా ఉద్యోగంలో చేరాక రోజంతా కండక్టర్‌గా బతకలేడు కదా అన్నారు. పాత్రను మోయడంలో ఎంత అలుపో అట్కిన్సనే చెప్పాడు, అది మా చార్ట్ రెండో గడిలోనే రాసి ఉంది, నేను చూసుకోలేదు.

కాబట్టి పని ఇట్లా పంచుకున్నాం. మాటను మెల్లగా ఎత్తుకోవడం, పెదాలు బిగించకుండా వదలడం, కావాలనే కొన్నిచోట్ల నత్తిగా పలికి భయం తగ్గించుకోవడం ఆవిడ నేర్పారు. తప్పించుకునే అలవాట్ల మీద నేను పనిచేశాను. మెట్లు రాసుకున్నాం: పూరి అడగడం, పరకాల టికెట్ అడగడం, రూమ్మేట్లకు నాకు నత్తి ఉంది అని తన నోటితో చెప్పడం, జామ్, కొత్తవాళ్లకు ఫోన్ చేయడం, చివర్న ఎనుమాములలో అడ్తిదారు.

పూరి రెండో ప్రయత్నానికే వచ్చింది. టికెట్ నాలుగో వారంలో. బస్సు నిండా జనం, కండక్టర్ ముందు నిలబడ్డాడు, వీడికి మాట ఆగింది, కండక్టర్ "యాడికి తమ్మీ" అని రెండోసారి అడిగాడు, వెనకాల ఎవరో నవ్వారు. ఎంతసేపు పట్టిందో తెలియదు గానీ "పరకాల" అనే అన్నాడు. ఆ టికెట్ తెచ్చి నా టేబుల్ మీద పెట్టాడు. ఏడో వారంలో జామ్‌కు ముందు లేచి, నాకు నత్తి ఉంది, మధ్యలో ఆగితే కాస్త ఆగండి అని చెప్పి మొదలుపెట్టాడు. నిమిషంలో నాలుగుచోట్ల ఆగాడు. టాపిక్ ఇన్వర్టర్ల గురించి వచ్చింది, తెలిసిన విషయం కావడంతో నిమిషం సరిపోలేదట.

చార్ట్ సంగతి కూడా చెప్పాలి. ఎనిమిదో వారానికి మిస్టర్ బీన్ నటుడి గురించి మేం రాసింది ఇంతే: కొత్త ఊహల పట్ల ఇష్టం ఎక్కువ, నమ్మకం పదికి ఎనిమిది. పద్ధతి ఎక్కువ, ఏడు. పని గురించి ఆందోళన మధ్యస్థం కన్నా ఎక్కువ, ఐదు. నలుగురిలో కలిసే గుణం తక్కువ కావచ్చు, మూడు, ఎందుకు మూడే అంటే నత్తి అడ్డం ఉంది. సర్దుకుపోయే గుణం దగ్గర ప్రశ్నార్థకం పెట్టి వదిలేశాం, దానికి దగ్గరివాళ్లు కావాలి. 2001లో కెన్యాలో విమానం నడుపుతున్న పైలట్ స్పృహ తప్పితే ఆయన కాసేపు కంట్రోల్స్ పట్టుకున్న సంఘటన దొరికి, ధైర్యవంతుడని రాద్దామని అబ్బాయి పట్టుబట్టాడు. ఒక్క రోజు సంఘటనతో ఒక గుణం రాయలేం అని ఆపాను, కాసేపు వాదించుకున్నాం. నాలుగు అక్షరాలు ఎక్కడా రాయలేదు.

తన ప్రశ్నావళి కూడా మళ్లీ రాసుకొచ్చాడు, నేను అడగలేదు. ఐ అలాగే ఉంది, టి (తర్కంతో తేల్చుకునేవాడు) పోయి ఎఫ్ (మనసుతో తేల్చుకునేవాడు) వచ్చింది. కంగారుపడతాడేమో అనుకున్నాను. "ఇంటర్ల పాస్ మార్కుల లెక్క మేడం" అన్నాడు. 34 వస్తే ఫెయిల్, 36 వస్తే పాస్, ఇద్దరికీ తేడా రెండు మార్కులు, 36 వచ్చినవాణ్నీ 90 వచ్చినవాణ్నీ మాత్రం ఒకే గదిలో కూర్చోబెడతారు. ఎక్కువమంది మధ్యలోనే ఉంటారు కాబట్టి గీత అటూ ఇటూ జరిగితే అక్షరం మారుతుంది. ఇంతకన్నా బాగా నేను ఏ క్లాసులోనూ చెప్పలేదు. ఇతను నిజంగానే ఇంట్రోవర్ట్, అది కూడా చెప్పాలి. జామ్ రోజు సాయంత్రం ఒక్కడే భద్రకాళి చెరువు కట్ట మీద గంటసేపు కూర్చుని వచ్చాడట, హాయిగా ఉందన్నాడు.

నత్తి తగ్గిందా అంటే, లెక్కపెడితే కొద్దిగా తగ్గింది, ఎక్కువ కాదు. థెరపీ నడుస్తోంది. ప్లేస్‌మెంట్లకు కూర్చున్నాడు, మొదటి కంపెనీలో ఇంటర్వ్యూ దాకా వెళ్లి ఎంపిక కాలేదు, బయటకు వచ్చి నాకు ఫోన్ చేశాడు. అంతకుముందు ఎప్పుడూ మెసేజే పెట్టేవాడు. రెండో కంపెనీ రాత పరీక్ష రాశాడు, ఫలితం రావాలి.

చివరి మెట్టు మిగిలింది. సంక్రాంతి దాటాక మిర్చి మార్కెట్‌కు రావడం మొదలవుతుంది. ఈసారి బస్తాల దగ్గర ధర మాట్లాడేది తానే అని వాళ్ల బాపుకు ముందే చెప్పి పెట్టాడు. అడ్తిదారు పేరు "ప" తోనే మొదలవుతుంది.